నలగని బట్ట, తీరని బాకీ

2024 సెప్టెంబరు రెండో వారంలో ఒక పొద్దున మా గుమ్మం ముందు బట్టల మూట దిగింది. తెచ్చినామె మా వీధి మలుపులో ఇస్త్రీ బండి నడుపుతుంది. సత్యనారాయణపురంలో మేం అద్దెకు దిగినప్పటి నుంచి మా ఇంటి బట్టలు ఆమె చేతి మీదుగానే వస్తున్నాయి. ఆమె ఉండేది సింగ్ నగర్‌లో. ఆగస్టు 31, శనివారం వాన ఆగక బండి మీద పని సాగలేదు. మిగిలిన బట్టలు ఇంట్లో కరెంటు పెట్టెతో చేద్దామని పట్టుకుపోయింది. తెల్లారేసరికి బుడమేరు వచ్చి పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతున్న రోజులవి. బుడమేరుకు గండ్లు పడి, ఊరి ఉత్తరం వైపు పేటలన్నీ మునిగాయి. వాళ్ళింట్లో నీళ్ళు నడుము దాటి రోజుల తరబడి నిలిచిపోయాయి.

మూట విప్పింది. నావి ఆరు బట్టలు. బురద వాసన పోలేదు. అన్నిటికన్నా అడుగున మా అమ్మమ్మ మంగళగిరి చీర, తెల్లటిది, ఎర్ర నిజాం అంచు. దాని మీద తేనీటి రంగులో మరకలు కట్టి ఉన్నాయి.

"అయ్యో, అమ్మమ్మ చీర!" అన్నాను.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆ తర్వాత ఎప్పటికో ఆమె కాళ్ళు చూశాను. నీళ్ళలో నాని నాని వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయి ఉంది. పదేళ్ళుగా స్త్రీల శ్రమ గురించి చదువుతూ, రాస్తూ ఉన్నదాన్ని. నా పీహెచ్‌డీ కూడా కథల్లో ఇంటిచాకిరీ మీదే. నా కళ్ళు ముందు చీర మీదికి వెళ్ళాయి. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

"ఖరీదు చెప్పండి మేడంగారూ. ఒక్కసారి ఇవ్వలేను. ఇస్త్రీ డబ్బుల్లో చెల్లు పెట్టుకోండి," అంది ఆమె.

"ఛ, అదేంటక్కా, వద్దులే" అన్నాను. అది మంచితనమనే అనుకున్నాను. ఆమె ముఖం మాత్రం తేలికపడలేదు. "మీరు వద్దంటే మళ్ళీ మీ గుమ్మం ఎక్కబుద్ధి కాదండి" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ఒంటి మీది బట్టలకున్న మురికినీ ముడతల్నీ ఇంకొకరు తీయడంలో న్యాయం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు మనకు మామూలుగా వినబడే జవాబులు మూడు. ఎవరి బట్ట వాళ్ళే చేసుకోవాలనేది ఒకటి. న్యాయమైన కూలి ఇచ్చి చేయించుకోవచ్చనేది రెండోది. అసలు ఈ ఇస్త్రీ అనే పిచ్చినే వదిలేయాలనేది మూడోది. మూడింటినీ నేను ఏదో ఒక వయసులో నమ్మాను. ఆ మూట మూడింటినీ మళ్ళీ విప్పి చూసుకునేలా చేసింది.

ఇస్త్రీ అనే మాట మనది కాదు. లాగి సాపు చేయడమనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చిందంటారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు 'స్త్రీ'ని కూడా 'ఇస్త్రీ' అనే పలికేవాళ్ళు. చిన్నప్పుడు దానికి నవ్వుకునేదాన్ని. ఇనపపెట్టె రాకముందు ఈ పనికి మన ఇళ్ళల్లో వాడిన మాటలు వేరు: గంజి పెట్టడం, చలవ చేయడం, మడత పెట్టడం. ఈ మాటల్లో నిప్పు ఎక్కడా లేదు. అన్నం ఉంది, నీడ ఉంది, బరువు ఉంది.

చల్లపల్లి దగ్గర మా అమ్మమ్మ చేసే పద్ధతి ఇదీ. అన్నం ఉడికాక వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపి, తెల్లబట్ట అయితే చిటికెడు నీలిమందు వేసేది. బట్ట ముంచి, మెలిపెట్టకుండా అదిమి, నీడలో ఆరేసేది. ఎండలో వేస్తే గంజి పెచ్చు కడుతుందనేది. పూర్తిగా ఎండకముందే తీసి నీళ్ళు చిలకరించి చుట్టచుట్టి ఉంచేది. తర్వాత ఒక మనిషి కావాలి. చీర చెరొక కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ముందు నిలువుగా, తర్వాత మూలకు మూల లాగాలి. ఆ రెండో మనిషి చాలాసార్లు నేనే. నేను వెనక్కి వాలిపోయి లాగుతుంటే "ఎద్దులా లాగకే, అంచు వంకరపోతుంది" అని తిట్టేది. మడత పెట్టిన చీరను పరుపు కిందో, ట్రంకు పెట్టె అడుగునో పెట్టేది. రాత్రంతా మా ఒళ్ళ బరువే ఇస్త్రీ పెట్టె. తాతయ్య పెళ్ళికో సభకో వెళ్ళాల్సి వస్తే మాత్రం అడుగు చదునుగా ఉన్న ఇత్తడి చెంబును చింతపండుతో తోమి, అందులో తుమ్మ నిప్పులు వేసి, మూతి దగ్గర గుడ్డతో పట్టుకుని పంచె మీద నడిపేది. వేలు తడిచేసి చెంబు అడుగున తాకించి చూసేది. 'సుయ్'మంటే ఆగేది, చప్పుడు లేకపోతే మొదలుపెట్టేది. ఒక్క నిప్పురవ్వ పడితే పంచె పోతుంది, మాట పడుతుంది. ఆమె కుడి బొటనవేలి కింద నల్లటి మచ్చ ఒకటి ఉండేది. ఇంత నేర్పుతో చేసిన పంచె కట్టుకుని తాతయ్య వెళ్తుంటే ఊళ్ళో వాళ్ళు "ఆయన శుభ్రమైన మనిషి" అనేవాళ్ళు.

గంజి పుష్కలంగా ఉండే నేల మాది. 1850ల్లో కృష్ణ మీద ఆనకట్ట వచ్చాక కాలువల కింద వరి పరుచుకున్న ప్రాంతం. బందరు నుంచి 17వ శతాబ్దంలో యూరప్‌కు ఓడలెక్కిన అద్దకపు బట్టకు నిగ్గు తేవడానికి కూడా బియ్యపు గంజి పెట్టి, గవ్వతో రుద్దేవారు. సంతకాలు లేని చేతుల పని అది.

బోస్టన్ లలితకళల మ్యూజియంలో 12వ శతాబ్దపు చైనా చిత్రం ఒకటుంది. చక్రవర్తి హుయ్‌జోంగ్ పేరు మీద ఉన్న ఆ పట్టు చుట్టలో అంతఃపుర స్త్రీలు కొత్తగా నేసిన పట్టుబట్టను సాపు చేస్తుంటారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగి నిలబడితే, మరొకామె పిడి ఉన్న గిన్నెలో నిప్పులు వేసి బట్ట మీద నడుపుతుంది. ఒక చిన్నపిల్ల ఆ బట్ట కింద వంగి తొంగిచూస్తుంది. మొదటిసారి దాని అచ్చు చూసినప్పుడు నేను 'మా చెంబే' అని అరిచినంత పని చేశాను. రెండోసారి చూసినప్పుడు ఇంకొకటి తోచింది. చిత్రానికి చక్రవర్తి పేరుంది. బట్ట లాగుతున్న వాళ్ళకు పేర్లు లేవు.

అమ్మమ్మ కథ ఇంతటితో ఆపితే అందంగా ఉంటుంది, కానీ అబద్ధం అవుతుంది. మాది భూమి ఉన్న కుటుంబం. రోజువారీ బట్టలు అమ్మమ్మ ఉతికేది కాదు. ఒకామె వచ్చి మూట కట్టి చాకిరేవుకు పట్టుకుపోయేది. చౌడు కలిపి ఉబ్బ పెట్టి, బండ మీద బాది, చలవ మడతలతో తెచ్చేది. సాయంత్రం గిన్నె పట్టుకుని ఇంటింటా అన్నం పెట్టించుకునేది. నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. ఆమెను కులం పేరుతోనే పిలిచేవాళ్ళం. ఆమెకింకో పేరుండేదని నాకు తట్టనే లేదు. పురుటి బట్టలూ, నెలసరి బట్టలూ ఆమె చేతికి వెళ్తేనే ఇంటి మైల పోయేది. మడి కట్టుకునే ఇళ్ళల్లో మాత్రం ఆమె ఉతికి తెచ్చిన బట్టను మళ్ళీ నీళ్ళలో తడిపితే కానీ వాడేవాళ్ళు కాదు. మైలను పోగొట్టే చెయ్యే మైల కావడం ఎలాంటి తర్కమో శాస్త్రాలు చదివినవాళ్ళెవరూ నాకు చెప్పలేదు.

నాతో పాటు పనిచేసే స్నేహితురాలికి చెంబు ఇస్త్రీ గురించి మురిపెంగా చెబితే ఆమె నవ్వలేదు. ఆమెది గుడివాడ వైపు, దళితవాడ. "మీకది పండగ పని. మాకు రోజూ పని" అంది. ఊరి రేవు వాళ్ళ బట్టలు ముట్టుకునేది కాదు. అందుకే ఆమె అమ్మ పొలం పనికి వెళ్ళే ముందు చెంబులో నిప్పులు వేసి కూతురి బడి గౌను సాపు చేసేది. ముడత కనిపిస్తే మాస్టారు 'మీ వాళ్ళకు శుభ్రత తెలియదు' అనేవాడట. ఒకే చెంబు, ఒకే నిప్పు. ఒక ఇంట్లో అది భర్త పరువు కోసం, ఇంకో ఇంట్లో బిడ్డను అవమానం నుంచి కాపాడటం కోసం. 'మన అమ్మమ్మల పద్ధతులు' అని రాసేటప్పుడు ఏ అమ్మమ్మలో చెప్పడం మన బాధ్యత.

ఈ మాట మూడో జవాబును కూడా దెబ్బతీసింది. ఎం.ఏ. రోజుల్లో నేను ఇస్త్రీ మానేశాను. ముడతలు పితృస్వామ్యానికి ధిక్కారమని నమ్మాను. నలిగిన నూలు చీరలో క్లాసుకు వెళ్తే నన్ను 'సింపుల్' అన్నారు. అదే వరుసలో నా స్నేహితురాలు నలిగిన చీరలో వచ్చి ఉంటే ఏమనేవారో ఇద్దరికీ తెలుసు. గాంధీ కొల్లాయినీ అంబేద్కర్ సూటునూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. నలిగిన బట్ట కట్టుకోవడం కూడా కొందరికే ఉన్న సౌకర్యం.

ఇక మొదటి జవాబు, ఎవరి పని వాళ్ళే చేసుకోవడం. దీనికి గాంధీ ఆత్మకథే పెద్ద సాక్ష్యం. చాకలి ఖర్చు తగ్గించుకోవడానికి ఆయన పుస్తకం కొని మరీ ఉతకడం నేర్చుకున్నాడు. మొదటి కాలరుకు గంజి ఎక్కువై, పెట్టె వేడి చాలక, కోర్టులో అది రాలుతుంటే తోటి బారిస్టర్లు నవ్వారు. తర్వాత చెయ్యి తిరిగింది. రానడే ఇచ్చిన కండువా గోఖలేకు ప్రాణం. జొహానెస్‌బర్గ్ విందుకు దాన్ని ఇస్త్రీ చేసే భాగ్యం గాంధీకి దక్కింది. ఎంతో నిజాయితీగా, హాస్యంగా రాసిన భాగం అది. చదివిన ప్రతిసారీ నాకు రెండు సంగతులు గుచ్చుకుంటాయి. ఒకటి, పుస్తకంలో నేర్చుకున్న ఆ విద్యను ఆయన కస్తూర్బాకు నేర్పించానని రాయడం. ఒక్క వాక్యంలో దాటిపోతుంది. నేర్చుకున్న ఆమెకు ఏమనిపించిందో ఎక్కడా లేదు. రెండోది, మగవాడు తన కాలరు తను ఇస్త్రీ చేసుకుంటే అది సత్యశోధనలో ఒక ఘట్టమవుతుంది. ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తే అది పని కూడా కాదు. 1921లో ఇదే బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలకు గాంధీ వచ్చాడు. ఖద్దరు ఊరూరా పాకింది. ఇప్పుడు మా ఊళ్ళో గంజి పెట్టిన తెల్ల ఖద్దరు చొక్కా ఎవరి యూనిఫారమో అందరికీ తెలుసు. దాన్ని వేసుకున్నవాళ్ళలో స్వయంగా ఇస్త్రీ చేసుకునేవాళ్ళు ఎందరు?

అయినా 'నా పని నేనే' అనే సూత్రం మా అమ్మ జీవితంలో ఏం చేసిందో చూశాను. 1882లో న్యూయార్కులో హెన్రీ సీలీ కరెంటు ఇస్త్రీ పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. మా ఇంటికి అది నా చిన్నప్పుడు వచ్చింది. అదే ఏడు ప్రెషర్ కుక్కరూ వచ్చింది. గంజి వార్చడం పోయింది, పొట్లంలో గంజిపొడి వచ్చింది. పని తగ్గిందని అందరూ అన్నారు. అంతకుముందు పండక్కో పెళ్ళికో చేసే ఇస్త్రీ రోజువారీ అయింది. నాన్న ఆఫీసు చొక్కా, మా ఇద్దరి యూనిఫారాలు, చివరికి దిండు గలీబులు కూడా. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియక అమ్మ తెల్లవారుజామున 5 గంటలకు లేచి చేసేది. పనిముట్టు మారినప్పుడు ప్రమాణం పెరుగుతుంది, ఆడదాని తీరిక పెరగదు. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్'లో అమెరికా ఇళ్ళ గురించి చెప్పింది ఇదే. నేను ఆ పుస్తకాన్ని థీసిస్‌లో ఉదహరించాను, అమ్మను ఉదహరించలేదు. టిల్లీ ఓల్సన్ 'ఐ స్టాండ్ హియర్ ఐరనింగ్' మీద ఒక అధ్యాయమే రాశాను. ఇస్త్రీ చేస్తూ కూతురి గురించి ఆలోచించుకునే తల్లి కథ అది. ఆ అధ్యాయం రాస్తున్న నెలల్లో నా బట్టలు మలుపు దగ్గర బండి మీద ఇస్త్రీ అవుతూనే ఉన్నాయి.

మిగిలింది రెండో జవాబు, కూలి. మేర కొలిచి, అన్నం పెట్టి చేయించుకున్న వెట్టి కన్నా ముక్కకు ఇంత అని రేటు ఉండటం నిస్సందేహంగా మేలు. ఆమె నన్ను బేరమాడవచ్చు, కాదనవచ్చు, గిన్నె పట్టుకుని నా గుమ్మంలో నిలబడక్కర్లేదు. కానీ ఆ రేటులో ఏమేం ఉన్నాయి? చొక్కాకి 10 రూపాయలు, నూలు చీరకి 20. ఆరేడు కిలోల బొగ్గుల పెట్టెను రోజంతా ఎత్తి దించే భుజం, బొగ్గు పొగ, మే నెల బెజవాడ ఎండలో ఆ వేడి. తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే బడిపిల్ల వీధిలో ఇస్త్రీ బండ్ల బొగ్గును చూసి సౌరశక్తితో నడిచే బండిని రూపొందించింది, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడింది. బండి పక్కనుంచి రోజూ నడిచి వెళ్ళే నాకు ఆ పొగ ఎప్పుడూ ప్రశ్న కాలేదు. మన రాష్ట్రంలో 2020 నుంచి 2023 వరకు జగనన్న చేదోడు పథకం కింద దుకాణమున్న రజకులకూ, నాయీబ్రాహ్మణులకూ, దర్జీలకూ విడతకు 10,000 రూపాయలిచ్చారు. వరద తర్వాత నేల అంతస్తు మునిగిన ఇళ్ళకు ప్రభుత్వం 25,000 ప్రకటించింది. ఇతరుల బట్టలు ఆమె ఇంట్లో మునిగితే ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఏ పద్దులోనూ ఇమడదు. ఇన్నేళ్ళూ మా వీధి బట్టలన్నిటికీ రసీదు లేని పూచీ ఆమే.

ఇస్త్రీకున్న గుణం ఒకటి దీనికి కారణమేమో. వంట రుచిలో, కుట్టు పోగులో చేసిన చెయ్యి కాస్తయినా కనిపిస్తుంది. ఇస్త్రీ ఎంత బాగా చేస్తే చెయ్యి అంతగా మాయమవుతుంది. ఎవరూ ముట్టుకోనట్టు ఉన్న బట్టే మంచి ఇస్త్రీ. మన కంటికి కనిపించేది కట్టుకున్నవాళ్ళ హుందాతనం ఒక్కటే. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన కథ మనందరికీ తెలుసు. 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడితే సంతోషించాను. కానీ ఐలమ్మ పేరు చెప్పగలిగిన నాకు మా మలుపు దగ్గరి ఆమె పేరు ఆ వరదదాకా తెలియదు. ఇక్కడ కూడా రాయను. రాయమని ఆమె నన్ను అడగలేదు.

ఆ పొద్దున సంగతికి మళ్ళీ వస్తాను. ఏం చేయాలో తెలియక నిలబడ్డ నా చేతిలోంచి ఆమె చీర తీసుకుని అంచు వెంబడి వేళ్ళు నడుపుతూ పోయింది. కొంగు మూల దగ్గర ఆగింది.

"ఇది జీడిగుర్తు కదండీ. మా అమ్మ పెట్టేది ఇలాంటివి."

మూడు నల్ల చుక్కలు, ఒక గీత. నేను దాన్ని మరక అనుకున్నాను. ఒకసారి నిమ్మకాయతో రుద్ది వదిలించబోయాను కూడా. రేవులో వంద ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా ఇంటికొక గుర్తు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో పెట్టి, సున్నం తాకిస్తారు. ఎన్ని ఉబ్బలు పెట్టినా పోదు. రసం చేతికి తగిలితే పొక్కులు లేస్తాయి. బుడమేరు బురద కూడా దాన్ని తుడవలేదు. నేను స్త్రీల రచనలు వెతుక్కుంటూ రాజమండ్రి, వేటపాలెం గ్రంథాలయాల్లో పాత పత్రికలు తిరగేసినదాన్ని. అక్షరం రాని ఒక స్త్రీ రాసిన గుర్తు ఇన్నేళ్ళూ నా బీరువాలో ఉంది. దాన్ని చెరపడానికి ప్రయత్నించాను.

"పెట్టె వద్దండి, ఇప్పుడు పెడితే మరక కాలి ఉండిపోతుంది. అన్నం వండండి" అంది. చీరను రెండుసార్లు ఉతికింది. కుక్కరు పక్కనపెట్టి గిన్నెలో ఎసరు పెట్టాను. గంజి వార్చడం నాకు చేతకాలేదు, సగం గట్టు మీద పోయింది. మధ్యాహ్నానికి డాబా మీద ఎదురెదురుగా నిలబడి చీర లాగాం. నేను బలంగా లాగుతున్నాను. ఆమె కాళ్ళ నొప్పితో నిలబడి ఉంది. "అంత లాగకండి. నేను లాగినప్పుడు మీరు ఆగాలి, మీరు లాగినప్పుడు నేను ఆగుతాను" అంది. అమ్మమ్మ చెప్పిందీ ఇదే. మరకలు పూర్తిగా పోలేదు, పలచబడ్డాయి.

కింద కూర్చుని లెక్క చూశాం. "ఉతికి గంజి పెట్టినందుకు 60 ఇవ్వండి" అంది. ఇచ్చాను. "ఇప్పుడు చీర సంగతి." రెండూ వేర్వేరు పద్దులు ఆమెకు. నేను 'అక్కా' అని వరస కలిపి రెండింటినీ తుడిచేయబోయాను. వరస కలిపితే లెక్క అడగడం మర్యాద కాదు కదా. ఆమె అడిగింది దయ కాదు. తీసుకున్న పూచీకి జవాబు చెప్పుకోగల మనిషిగా ఉండనివ్వమంది. వద్దనడం ఎంత సులువో, అందులో ఎంత పెద్దరికం ఉందో అప్పుడు అర్థమైంది. నీళ్ళలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం అంతకన్నా సులువు కాదు.

"చీర నాది, వరద మనిద్దరిదీ కాదు. ఇన్నాళ్ళూ బట్టలు మీ ఇంట్లో పెట్టుకున్నందుకు నేనెప్పుడూ ఏమీ ఇవ్వలేదు. ఆ పూచీ నాకూ ఉండాలిగా" అన్నాను. కాసేపు ఆలోచించింది. పాత చీరకు 1,000 కట్టింది. సగం నీది, సగం నాది అని తేల్చింది. నెలకు 50 చొప్పున ఇస్త్రీ డబ్బుల్లో చెల్లు. ఇది న్యాయమేనా అని మీరడిగితే గట్టిగా చెప్పలేను. 500 రూపాయలు నాకు ఏమీ కాదు, ఆమెకు చాలా. అయినా అది మేమిద్దరం కూర్చుని తేల్చుకున్న లెక్క.

రెండు నెలల తర్వాత బొగ్గు ధర పెరిగిందని చీరకు 25 అడిగింది. మా అపార్ట్‌మెంటులో కొందరు వేరే బండికి మారారు. నేను కూడా ఒక్క క్షణం మనసులో నెలకు ఎంత తేడా వస్తుందో లెక్కవేశాను. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడామె ప్రతి ఇంటికీ ఒక నోటుపుస్తకం పేజీ పెట్టింది, ఎన్ని బట్టలు ఏ తేదీన తీసుకుందో, వాన రోజు ఎవరి దగ్గర ఉన్నాయో. చదువు పెద్దగా రాదు, ఇంటికొక గుర్తు వేసుకుంది. నా పేజీ పైన మూడు చుక్కలు, ఒక గీత ఉన్నాయి. వాటి కింద చెల్లు పడిన 50లు వరసగా ఉన్నాయి.